సార్ వెళ్ళారు, ఫ్యాన్ ఆపండి

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
9 జూన్ 2025

గ్లోరియాకి అత్తయ్య కాంతమణి రాసేది.

ఒంగోలులో నువ్వూ మీ అమ్మానాన్నలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం ఉన్నాం. బాగున్నాం అని రాయబోతే చెయ్యి ఆగింది, అందుకని ఉన్నాం అని రాశాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్‌లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు విని నీకొస్తుంది. తర్వాత ఎవరు ముందు పెట్టేయాలో తెలియక ఇద్దరం ఊరికే ఉండిపోతాం. నేను ఏడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

నా కొడుకు కంప్యూటర్ గురించి రాస్తున్నాను. అది ఇంకా నడుస్తూనే ఉంది. ఫిబ్రవరిలో ఆ రోజు పొద్దున నతానియేల్ ముందుగదిలో కంప్యూటర్ బ్యాచ్‌కి పాఠం చెప్పి, ఒక ప్రోగ్రాం మొదలుపెట్టి, "దీన్నెవరూ ముట్టుకోవద్దు, మధ్యాహ్నం నేనొచ్చి మూస్తాను" అని చెప్పి నిన్ను తీసుకురావడానికి స్టేషన్‌కి బండి మీద వెళ్ళాడు. దారిలో లారీ. వాడు రాలేదు, ఎవరూ మూయలేదు. నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి ఉంది. కూడబలుక్కుని చదివాను. "నతానియేల్ సార్ వచ్చారు. కూర్చోండి." రోజూ పొద్దున వెళ్ళి దాని ముందు కూర్చుంటున్నాను. కూర్చోమన్నాడు కదా.

మొన్న మీ మామయ్యగారు గది కడగాలని ప్లగ్గు మీద చెయ్యి వేశారు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. చొక్కా చిరిగింది.

"ఎన్నాళ్ళు, కాంతం?" అన్నారు.

"నేనున్నన్నాళ్ళు" అన్నాను.

ఆయన చిరిగిన చొక్కాతోనే స్కూలు ఆఫీసుకి వెళ్ళిపోయారు.

నిన్న కల్పలత వచ్చింది. నీకు తెలుసుగా, వెనక లైనులో ఉంటుంది, పిల్లలు బడికెళ్ళాక ఉద్యోగం కోసం వాడి దగ్గర నేర్చుకునేది. తెర చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఆంటీ, గిదింకా బంద్ చెయ్యలేదా? సార్ పొద్దుగాల కన్‌స్ట్రక్టర్ చెప్పిండు, మధ్యాహ్నం డిస్ట్రక్టర్ చూపిస్తనన్నడు. బంద్ చేస్తే డిస్ట్రక్టర్ నడుస్తది."

"అంటే ఏమిటే?"

"అంటే... దాన్ని తీసేస్తది ఆంటీ. నాకు సుత సక్కగ తెల్వది."

తీసేస్తుందట. నువ్వు కూడా వాడి దగ్గరే నేర్చుకున్నావు, వాడితో కూర్చుని ఇవన్నీ రాసేదానివి. ఆ డిస్ట్రక్టర్ అనేది ఏమిటో, అది రాకుండా ఎలా చూసుకోవాలో నాకు అర్థమయ్యేలా రాయి. మూసేయమని మాత్రం రాయకు.

అన్నం సరిగ్గా తిను. నా మీద ఒట్టు.

నీ అత్తయ్య,
కాంతమణి

*

ఒంగోలు
16 జూన్ 2025

అత్తయ్యగారికీ మామయ్యగారికీ గ్లోరియా వందనాలు.

మీ ఉత్తరం నాన్నగారు తెచ్చి ఇచ్చారు. కవరు మీద మీ అక్షరాలు చూసి చాలాసేపు విప్పలేదు.

మీరు జాకెట్లు కుడతారు కదా, దానితోనే చెబుతాను. కొలతలకి ముందు పేపర్ కటింగ్ చేసి పెట్టుకుంటారు. ఆ కాగితాన్ని ఎవరూ తొడుక్కోలేరు. దాన్ని పట్టి గుడ్డ కత్తిరించి కుడితే ఒక జాకెట్టు అవుతుంది. ఆ కాగితం లాంటిదాన్ని క్లాసు అంటారు, కుట్టిన జాకెట్టు లాంటిదాన్ని ఆబ్జెక్టు అంటారు. ఆయన "సార్" అని ఒక క్లాసు రాసుకున్నారు. ఆ రోజు పొద్దున దాన్నుంచి ఒక ఆబ్జెక్టు తయారు చేశారు. తెర మీద ఉన్నది దాని మాట.

ఆబ్జెక్టు పుట్టగానే దానంతట అదే నడిచేది కన్‌స్ట్రక్టర్. విడిగా పిలవక్కర్లేదు. దానికి వేరే పేరు కూడా ఉండదు, క్లాసు పేరే దాని పేరు. పెళ్ళయి నేను మన ఇంటికి వచ్చిన రోజు నేనేమీ అడగలేదు. గడప దాటేసరికి మీరు బీరువాలో కింది అర ఖాళీ చేసి, కొత్త కంచం కడిగి పెట్టి, "ఇది నీది" అన్నారు. కన్‌స్ట్రక్టర్ చేసేది అదే. వచ్చినదానికి చోటు చూపించి, కావలసినవి సర్ది పెడుతుంది.

డిస్ట్రక్టర్ అన్న పేరు వింటే నాశనం చేసేదేమో అనిపిస్తుంది. చంపేది అది కాదు అత్తయ్యగారూ. వెళ్ళవలసిన సమయం వచ్చినప్పుడు, వెళ్ళేముందు ఆబ్జెక్టు చేసుకునే చివరి పని అది. తెరిచినవి మూయడం, తీసుకున్న చోటు తిరిగి ఇచ్చేయడం. ఇవ్వకపోతే ఆ చోటు ఎవరికీ పనికి రాకుండా పడి ఉంటుంది. ఇంకొక సంగతి కూడా ఆయన ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు. ఒకదాని తర్వాత ఒకటి తయారైనవి వెళ్ళేటప్పుడు తిరుగు వరసలో వెళ్తాయి. చివర వచ్చింది ముందు వెళ్తుంది, మొదట వచ్చింది చివర వెళ్తుంది. అది దాని నియమం.

మన ప్రోగ్రాంలో ఎంటర్ నొక్కితే డిస్ట్రక్టర్ నడుస్తుంది. అదేమంటుందో కూడా నాకు తెలుసు, రాసేటప్పుడు పక్కనే ఉన్నాను. "సార్ వెళ్ళారు. ఫ్యాన్ ఆపండి." అంతే. బ్యాచ్ వాళ్ళు ఫ్యాన్లు ఆపకుండా పోతున్నారని విసుక్కుని అలా రాశారు.

మూసేయమని రాయవద్దన్నారు, రాయను. కానీ రాయకపోయినా నా మనసులో అదే ఉంది. తెర ఒక్కటీ ఆపుకోవచ్చు, లోపలి ప్రోగ్రాం ఆగదు. మీ కళ్ళకి విశ్రాంతి.

నేను తింటున్నాను. ఒట్లు పెట్టకండి.

మీ గ్లోరియా

*

మల్కాజ్‌గిరి
23 జూన్ 2025

గ్లోరియాకి,

నీ ఉత్తరం చదివాను. మీ మామయ్యగారి చేత కూడా చదివించాను, నేను తప్పుగా చదివానేమోనని. ఆయనా అదే చదివారు.

చివర వచ్చింది ముందు వెళ్ళడం నియమం అని రాశావు. అంటే నేను ముందు పుట్టాను కాబట్టి ఉండాలి, వాడు తర్వాత పుట్టాడు కాబట్టి పోవాలి. ఇదేనా నువ్వు నాకు చెప్పాలనుకున్నది? సమాధి దగ్గర అందరూ పిడికెడు మన్ను వేశారు. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని పెట్టె మీదికి చాపితే నేను పిడికిలి విప్పలేదు. ఆ మన్ను నా చేతిలోనే ఇంటికి వచ్చింది. అప్పుడు నీ నియమం ఎవరైనా చెప్పి ఉంటే ఆ మన్ను వాళ్ళ ముఖాన వేసేదాన్ని.

తెర ఆపి చూశాను. నల్లగా అయ్యేసరికి నేను పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు పోపు గరిటెతో సహా వచ్చేశారు. మళ్ళీ నొక్కితే వచ్చాడు. ఇక ఆపను.

తీసుకున్న చోటు తిరిగి ఇవ్వాలని, ఇవ్వకపోతే ఎవరికీ పనికి రాదని రాశావు. బీరువా అర గురించి కూడా రాశావు. చదువుకున్నవాళ్ళు సూటిగా అడగరు, ఇలా చుట్టూ తిప్పి రాస్తారు. ఈ ఇల్లు విడిచి వెళ్ళాలని నీకుందని నాకు అర్థమైంది. నీకు ముప్పై కూడా నిండలేదు, నిన్ను కట్టిపడేయడానికి నేనెవర్ని? నీ చీరలు, కుట్టుపెట్టె, పెళ్ళినాటి పట్టుచీర, నీ బైబిలు, అన్నీ మడతపెట్టి పార్శిల్‌లో పంపించాను. పట్టుచీర మడతల్లో కలరా ఉండలు వేశాను, కట్టుకునే ముందు ఎండలో వెయ్యి.

దేవుడు నీకు మేలు చేయాలి.

కాంతమణి

*

ఒంగోలు
2 జులై 2025

అత్తయ్యగారికి,

పార్శిల్ వచ్చింది. అమ్మ విప్పింది. నా చీరలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే "ఏం జరిగిందే?" అని అమ్మ అడిగింది. నన్ను పంపించేశారని ఏ మాటల్లో చెప్పాలి?

నేను అర ఖాళీ చేయమని రాయలేదు. మీరు నాకు చోటు ఇచ్చారని రాశాను. ఆ ఒక్క రోజూ తలుచుకుంటే నాకు ఆ ఇల్లు నాదనిపిస్తుంది, అందుకని రాశాను.

నియమం మాట రాసినప్పుడు కారణం కూడా రాయవలసింది. అది రాయకుండా వదిలేశాను. తర్వాత వచ్చింది ముందున్నదాని మీద ఆనుకుని ఉంటుంది. పైదాని కింద నుంచి ముందున్నదాన్ని లాగేస్తే పైది కూలిపోతుంది. అందుకని తన మీద ఆనుకున్నవాళ్ళు ఉన్నంత వరకు మొదటిది నిలబడి ఉండాలి. అది న్యాయమని నేను అనలేదు. మీ మీద ఆనుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారని చెప్పబోయాను. రాయడం చేతకాలేదు.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు ఆయన బయలుదేరింది నా కోసం. ఆటోలో వస్తానని నేను అనలేదు. సామాను ఎక్కువగా ఉంది, రండి అన్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంకా రాలేదేమిటని ఆయన మీద విసుక్కుంటున్నాను. నా ఫోన్ మోగితే "ఎక్కడున్నారు?" అని కోపంగానే ఎత్తాను. అవతల మామయ్యగారు. మీరు నా చీరలు పంపింది అందుకేనా? అందుకే అయితే సూటిగా రాయండి. నేను తట్టుకుంటాను.

కంప్యూటర్ గురించి ఇక ఏమీ అడగను. మీ ఇష్టం.

గ్లోరియా

*

మల్కాజ్‌గిరి
14 జులై 2025

అమ్మా గ్లోరియా,

ముందుగా ఇది రాయాలి. స్టేషన్ సంగతి నా మనసులో ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి కూడా. భార్యని తీసుకురావడానికి వెళ్ళని మగవాణ్ణి నేను పెంచలేదు. నువ్వు రావద్దన్నా వాడు వెళ్ళేవాడు. నువ్వు ఇన్ని నెలలు ఈ మాట లోపల పెట్టుకుని నాకు అన్నం తింటున్నానని రాశావా?

చీరల సంగతి నా తెలివితక్కువతనం. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

అది పోయింది.

గురువారం మధ్యాహ్నం గాలివాన వచ్చి కరెంటు పోయింది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందిగా అని నాకు ధైర్యం. అది ఎప్పుడూ లేని విధంగా కుయ్ కుయ్ అని అరవడం మొదలుపెట్టింది. మీ మామయ్యగారు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు, పరుగున వచ్చారు.

"బ్యాటరీ అయిపోతోంది కాంతం. ఎంటర్ నొక్కు. నొక్కితే ఆ మాటైనా అంటుంది."

"కరెంటు వస్తుంది, ఉండండి."

"రాదు. వీధి చివర చెట్టు పడింది. నొక్కు."

నా వేలు దాని మీదే ఉంది. ఆయన నా వేలి మీద వేలు పెట్టబోతే రెండో చేత్తో తోసేశాను. "వెళ్ళారు అని నా ఇంట్లో ఎవరూ అనకూడదు" అని అరిచాను. ఆయన వెనక్కి తగ్గి గోడకి చేరగిలబడ్డారు. ఇన్వర్టర్ కుయ్ మంటూనే ఉంది. తర్వాత అరుపు ఆగింది. తెర నల్లబడింది.

మర్నాడు కరెంటు వచ్చాక బ్రహ్మచారి అనే ఇన్వర్టర్ల మెకానిక్‌ని పిలిచాం. మూత తీసి చూసి నవ్వాడు.

"ఏందమ్మా, దీన్ల నీళ్ళు ఎప్పుడు పోసిండ్రు? ఎండి ఒరుగై పోయింది. మా తాత గొంతు గూడ గింత ఎండలె."

మీ మామయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళి ఏదో చెప్పారు. తిరిగి వచ్చాక అతను తల ఎత్తలేదు. "మాఫ్ చెయ్యి తల్లీ, నాకు ఎర్కలేదు" అన్నాడు.

ఆ బ్యాటరీకి నీళ్ళు పోయాలని నాకు తెలియదు. నతానియేలే పోసేవాడు. నేను తెర మీద దుమ్ము తుడిచాను, తీగలు తుడిచాను, ప్లగ్గుకి కాపలా కాశాను. అది కింద ఎండిపోతూ ఉంది.

కల్పలత వచ్చి కంప్యూటర్ మళ్ళీ వెలిగించింది. బొమ్మలన్నీ వచ్చాయి. ఆ మాట మాత్రం లేదు.

ఇప్పుడు నాకు ఒక్కటి చెప్పు. అబద్ధం చెప్పకు. తెర నల్లబడేటప్పుడు లోపల ఎక్కడో ఆ డిస్ట్రక్టర్ నడిచి ఉంటుందా? మనకి కనపడకుండానైనా ఆ మాట అని ఉంటుందా? నేను అననివ్వకపోయినా, తనంతట తను ఆ మాట అని వెళ్ళిందా?

నీ అత్తయ్య

*

ఒంగోలు
20 జులై 2025

అత్తయ్యగారికి వందనాలు.

అబద్ధం చెప్పవద్దన్నారు. లోపల నడిచిందని రాద్దామని ఒక కాగితం మొదలుపెట్టి చించేశాను.

నడవలేదు. కరెంటు పోతే డిస్ట్రక్టర్‌కి సమయం ఉండదు. ఎవరో ఒకరు మూస్తేనే, లేకపోతే ప్రోగ్రాం తన దారిన చివరిదాకా వెళ్తేనే అది నడుస్తుంది. మధ్యలో తెగిపోతే ఏ మాటా అనకుండానే పోతుంది. అది తీసుకున్న చోటు ఎలాగూ మిషన్‌కి తిరిగి వెళ్ళిపోతుంది. చెప్పవలసినది మాత్రం చెప్పకుండా మిగిలిపోతుంది.

ఆయన బ్యాచ్‌కి ఇది కూడా చూపించేవారు. ఒకసారి మూసి చూపించేవారు, ఇంకొకసారి ప్లగ్గు పీకి చూపించేవారు. "చూశారా, రెండోసారి ఏమీ అనలేదు" అనేవారు. అప్పుడు నేను వెనక కుర్చీలో కూర్చుని నవ్వాను. ఫిబ్రవరి నుంచి నాకు ఆ పాఠమే గుర్తొస్తోంది.

బ్యాటరీ మీ తప్పు కాదు. నేను ఆ ఇంట్లోనే ఉండి ఉంటే నీళ్ళు పోయడం గుర్తు చేసేదాన్ని. లేను. అది కూడా మీ తప్పు కాదు.

ఒక పని చేయవచ్చు. చేయమని చెప్పడం లేదు. ఆయన రాసిన క్లాసు ఎక్కడికీ పోలేదు, డిస్కులో ఉంది. కల్పలత కోసం ఫైలు పేరు వేరే చీటీ మీద రాసి ఇందులోనే పెడుతున్నాను. మళ్ళీ నడిపితే మళ్ళీ కన్‌స్ట్రక్టర్ పలుకుతుంది, అదే మాట వస్తుంది. కానీ అది ఆ రోజు ఆయన చేత్తో మొదలైంది కాదు. కాగితం అదే, జాకెట్టు వేరు. అది ఆయనే అని మీరు అనుకోకూడదని ముందే రాస్తున్నాను. మీరు నన్ను కోప్పడినా సరే.

నేను రాగలిగితే వచ్చి మీ పక్కన కూర్చునేదాన్ని. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాలంటే నాకు కాళ్ళు రావడం లేదు. టికెట్ తీసి రెండుసార్లు రద్దు చేసుకున్నాను.

మీ గ్లోరియా

*

మల్కాజ్‌గిరి
3 ఆగస్టు 2025

అమ్మా గ్లోరియా,

నువ్వు నిజం రాశావు. ఆ ఉత్తరం చదివి రెండు రోజులు ముందుగది తలుపు తీయలేదు. నీ మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది.

నిన్న శనివారం బ్యాచ్ వాళ్ళందర్నీ రమ్మన్నాను. వాళ్ళ పాఠం సగంలో ఆగిపోయింది కదా. ప్లాస్టిక్ కుర్చీలు కడిగి వేశాను. ఎవరికి ఏ కుర్చీయో వాళ్ళకి గుర్తుంది, అందులోనే కూర్చున్నారు. సార్ కుర్చీలో ఎవరూ కూర్చోరు. కల్పలత నిలబడే చెప్పింది.

"ఆంటీ, నేను తప్పు చెప్తే సార్ మీద పడ్తది పేరు. జెర భయమైతున్నది."

"వాడుంటే తిట్టేవాడు. నేను తిట్టను. చెప్పు."

నువ్వు రాసిన పేరు చూసి ప్రోగ్రాం నడిపింది. "నతానియేల్ సార్ వచ్చారు. కూర్చోండి." అని వచ్చింది. నాకు లోపల ఎక్కడో అది వాడే అనిపించాలని చాలా కోరుకున్నాను. అనిపించలేదు. వాడు రాసిన మాట అనిపించింది, అంతే. నువ్వు ముందే చెప్పి మంచి పని చేశావు.

కల్పలత పాఠం చెప్పింది. తడబడింది, బోర్డు మీద రాసి చెరిపి మళ్ళీ రాసింది. క్లాసు పేరు ముందు పాము మెలికలాంటి చిన్న గీత పెడితే డిస్ట్రక్టర్ అవుతుందట. నాకు ఆ గీత కూడా అర్థమైంది. చివరికి అందరూ ఎంటర్ దగ్గర ఆగిపోయారు. ఎవరూ నన్ను చూడటం లేదు, కానీ అందరూ నా కోసమే ఆగారు. మీ మామయ్యగారు గుమ్మంలో ఉన్నారు. ఈసారి ఆయన నొక్కమని అనలేదు.

నేనే నొక్కాను.

"సార్ వెళ్ళారు. ఫ్యాన్ ఆపండి."

నేను పైకి చదివాను. వెళ్ళారు అన్న మాట నా నోటితో నా ఇంట్లో అనడం అదే మొదలు. బ్యాచ్ వాళ్ళు అలవాటు కొద్దీ "థాంక్యూ సార్" అన్నారు, అన్నాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని ఏడ్చారు. నేను లేచి ఫ్యాన్ ఆపాను. ఉక్కలో అందరం అలాగే కూర్చున్నాం, వెళ్ళాలని ఎవరికీ అనిపించలేదు.

ఓదార్పు దొరికిందని రాయలేను. రాత్రి అన్నం సహించలేదు. పొద్దున లేవగానే మళ్ళీ ముందుగదిలోకి వెళ్ళబోయాను. తలుపు దాకా వెళ్ళాక అక్కడ కూర్చోవలసిన పని లేదని గుర్తొచ్చింది. అక్కడే నిలబడి, ఎక్కడికి వెళ్ళాలో తోచక, నీకు ఉత్తరం రాయడానికి వచ్చాను. నా మీద ఆనుకున్నవాళ్ళు ఉన్నారని రాశావే, నేను నిలబడగలనో లేదో నాకు తెలియదు. పడిపోతే నిన్ను కూడా పడేస్తానేమోనని భయం. అయినా రా.

సికింద్రాబాద్‌లో దిగవద్దు. చర్లపల్లిలో ఆగే బండి చూసుకో. అక్కడ కొత్త స్టేషన్ కట్టారు, నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు, వాడూ చూడలేదు. మీ మామయ్యగారు స్టేషన్‌కి రాలేనన్నారు. ఆయన్ని బలవంతం చేయను. నేనొక్కదాన్నే వచ్చి, నీ బండి రాకముందే ప్లాట్‌ఫారం మీద ఉంటాను. సామాను ఎంతున్నా తెచ్చుకో, నేను మోస్తాను.

దిగగానే నన్ను చూసి నవ్వాలని ప్రయత్నం చేయకు. నేనూ చేయను. ఏడుస్తూనే ఆటో ఎక్కుదాం.

నీ కోసం చూసే
అత్తయ్య